మా ఇంటిపేరు పెట్టిన బహుపదులు

మా ముత్తాత దండిపూడి జగన్నాథరావు గారు ఏలూరు తాలూకాలో కొన్ని ఊళ్ళకు మొఖాసాదారు. ఆ ఊళ్ళ శిస్తు ఆయన గడపలోనే జమ అయ్యేది. ఆయన కొడుకు, అంటే మా తాత రామభద్రరావు గారు, కలెక్టరు గుర్రం దిగిన తరువాతే తాను అరుగు దిగేవారట. మా నాన్న నరసింహారావు గారికి మొఖాసా లేదు, అరుగూ లేదు. నడక మాత్రం అదే ఉండేది. నాకు తాతగారి పేరు పెట్టారు. ఆ పేరుతో నేను అనంతపురంలో డిగ్రీ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

నాకు పిల్లలు లేరు. తమ్ముడికి ఇద్దరూ ఆడపిల్లలే, పెళ్ళిళ్ళయి వేరే ఇంటిపేర్లలోకి వెళ్ళారు. దండిపూడి అనే పేరు నాతో ఆఖరు. జాలి కోసం ఈ మాట చెప్పడం లేదు. ఇది తెలియకపోతే నేను తాడేపల్లిగూడెం ఎందుకు వెళ్ళానో మీకు అర్థం కాదు.

లెక్కలు రాని పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. వంకర గీత మీద ఒకచోట వాలు ఎంతో తెలుసుకోవాలంటే, పక్కన ఇంకో బిందువును తీసుకుని, అది మొదటి దానిలో కలిసిపోయేదాకా దగ్గరకు జరుపుతాం. ఇది అందరూ కాలేజీలో చదివిన కలనం. క్వాంటం కలనంలో ఆ కలపడం ఉండదు. మొదటి బిందువును q అనే సంఖ్యతో గుణిస్తే రెండోది వస్తుంది, అది అక్కడే ఉండిపోతుంది. ఆ ఎడం పెట్టుకునే లెక్కంతా నడుపుతాం. q ను ఒకటి దాకా తీసుకువెళితే పాత కలనం తిరిగి వస్తుంది.

ఇక లంబ బహుపదులు. ఇవి ఒక వరసలో వచ్చే బీజగణిత సమాసాలు. ఆ వరసలో ఏ రెండింటిని తీసుకుని, తగిన తూనిక వేసి, గుణించి కూడినా సున్నాయే వస్తుంది. ఒకదాని నీడ ఇంకోదాని మీద పడదన్నమాట. ఇలాంటి వరసలను మా లెక్కల వాళ్ళు కుటుంబాలంటారు. పేరున్న కుటుంబాలకు చాలావరకు ఎవరో ఒక మనిషి పేరే ఉంటుంది. ఆ మనుషుల ఇళ్ళు ఏమయ్యాయో, మునిమనవలు ఎక్కడున్నారో ఎవరికీ పట్టదు. పేర్లు మాత్రం పుస్తకాలలో నిలిచిపోయాయి.

నేను q పక్కన p అనే ఇంకో సంఖ్యను నిలబెట్టాను. రెండు బిందువులలో ఒకటి q తోనూ రెండోది p తోనూ కదులుతాయి. p ని ఒకటి చేస్తే పాత కుటుంబాలు వస్తాయి. అలా కొన్ని కుటుంబాలను ఒకే గొడుగు కిందికి తెచ్చి, వాటికి దండిపూడి బహుపదులు అని పేరు పెట్టాను. ఇలాంటి పేర్లు ఇతరులు పెడితే తీసుకోవడం మర్యాద. నాకు ఆ ఇతరులు ఎవరూ కనిపించలేదు.

గూడెంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు సెమినారు పెట్టి నన్ను రమ్మన్నారు. మా పూర్వుల గడ్డ మీద మా పేరు నల్లబల్ల మీదికి ఎక్కబోతోందని బయలుదేరాను.

ఏలూరు

తెల్లవారేసరికి రైలు దిగాను. పవర్‌పేటలో ఒక చిన్న హోటల్లో టిఫినుకు కూర్చున్నాను. మన అనంతపురంలో ఈ వేళకు ఉగ్గాణి, బజ్జీ ఉంటాయి. ఇక్కడ పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు. అల్లం పచ్చడి తీపిగా ఉంటుంది. ఈ జిల్లాలో మాట కూడా అలాగే తీపిగా ఉంటుంది. ఆ తీపి కింద ఏముందో తెలియడానికి కొంత సమయం పడుతుంది.

ఎదురుగా ఎరువుల కొట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నారు. కాఫీ చల్లార్చుకుంటూ నన్ను పరికించారు.

"ఏవండీ, మీరు ఎవరి తాలూకండీ?"

మన వైపు ఏ ఊరు అని అడిగి ఊరుకుంటారు. ఇక్కడ మనిషికి ఊరు చాలదు, ఒక వంశం కావాలి. ఈ ప్రశ్న కోసం నేను చాలా ఏళ్ళుగా కాచుకుని ఉన్నాను. నడుము నిటారుగా చేసుకుని, "దండిపూడి వారం" అన్నాను.

"దండిపూడి... దండిపూడి..." ఆయన కళ్ళు మూసుకుని వెతుక్కున్నారు. "ఆ, సినిమా హాలు వాళ్ళేనాండీ?"

"కాదు. మొఖాసాదారులం."

"అంటే ఏం వ్యాపారమండీ?"

నేను కాఫీ అందుకున్నాను. నేను నొచ్చుకున్నాననుకున్నారు కాబోలు, నా కాఫీకి కూడా తానే డబ్బులిచ్చి, "మళ్ళీ వచ్చినప్పుడు కొట్టుకి రండి, మందులు మంచివి దొరుకుతాయి" అని దండం పెట్టి వెళ్ళారు. ఎరువుల వ్యాపారి ఇప్పించిన కాఫీ తాగిన మొదటి దండిపూడి వాణ్ణి నేనే అయి ఉంటాను.

మా పేరున ఒక వీధి ఉండేదని నాన్న చెప్పేవారు. ఆటో అతనికి ఆ పేరు చెబితే అర్థం కాలేదు. కాలువ పక్క, పాత మిల్లు వెనక అని గుర్తులు చెప్పాక, "ఏటీఎం సందు అని చెప్పచ్చు కదండీ!" అని నవ్వి అక్కడ దించాడు. సందు మొదట్లో ఏటీఎం ఉంది, అది పనిచేయడం లేదు. అరుగు ఉండవలసిన చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. లోపలికి వెళ్ళలేదు. నా ఫోను బాగానే ఉంది.

కొల్లేరు

మరునాడు పొద్దున కాలేజీ వాళ్ళు వ్యాను పంపారు. సెమినారుకు ముందు అతిథులకు కొల్లేరు చూపించడం వాళ్ళ ఆనవాయితీ. వ్యానులో కన్వీనరు వెంకటరత్నం గారు ఉన్నారు. గుండ్రటి మనిషి, ఎవరు ఏమన్నా సంతోషపడతారు. ముందు సీట్లో ప్రొఫెసర్ విశాలాక్షి గారు ఉన్నారు. విశాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఈ బహుపదుల కుటుంబాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. మర్నాడు నా ప్రసంగానికి అధ్యక్షత ఆవిడదే. ఆవిడ ఔనంటే నా బహుపదులకు ప్రాణం వచ్చినట్టు. అందుకే ఆవిడ వెనక సీటు చూసుకుని కూర్చున్నాను.

కొల్లేరు అంటే కళ్ళు చాలనంత నీళ్ళు ఊహించుకుని వెళ్ళకండి. ముందు చేపల చెరువులే వస్తాయి. గట్టు తరువాత గట్టు, గట్ల మీద మేత బస్తాలు, ఐసు లారీలు, తవుడు వాసన. ఎక్కడ సరస్సు మొదలయిందో అడిగితే, "ఇదంతా ఒకప్పుడు అదేనండీ" అన్నారు వెంకటరత్నం గారు. ఈ వాక్యం నాకు కొత్త కాదు. మా ఇంట్లో నాన్న కూడా చెయ్యి చాచి ఇలాగే చూపించేవారు.

గుడివాకలంక దగ్గర పడవ ఎక్కే చోట నా కుడి చెప్పు బురదలో దిగబడి తెగింది. చేతిలో పట్టుకుని ఎక్కాను. పలక తడిగా ఉందని కూర్చోకుండా నిలబడ్డాను. పడవ నడిపే పెద్దిరాజు ఊరుకోలేదు.

"కూకోండి బాబూ! తమరు జెండా కర్రలా నిలబడితే పడవ తిరగబడుద్ది. ఈత వచ్చా?"

"రాదు."

"మరింకేం, కూకోండి!"

అందరూ నవ్వారు. కూర్చున్నాను. పంచె వెనక తడిసింది.

లోపలికి వెళ్ళాక నీళ్ళు కనిపించాయి. గుర్రపుడెక్క చాపలు పరిచినట్టు ఉంది. దాని మధ్య జాలర్లు తాటి దోనెల్లో పోతున్నారు. మొండి చెట్ల మీద గూడబాతులు కూర్చున్నాయి. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని, వచ్చిన వాళ్ళను పట్టించుకోకుండా అంత దర్జాగా కూర్చున్న ప్రాణులను నేను ఈ మధ్య చూడలేదు. నాకు నచ్చాయి.

విశాలాక్షి గారు ఇటు తిరిగి, "రేపు ఏం చెబుతున్నారండీ?" అన్నారు.

చెప్పాను. p, q, రెండు బిందువులు, తూనిక, చివరికి వచ్చే సూత్రం, అన్నీ గాలిలో వేలితో రాసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఒక ప్రశ్న మాత్రం మెత్తగా అడిగారు.

"అంతటినీ p తో ఒకసారి భాగించి చూశారాండీ?"

"అది చిన్న విషయమండీ," అన్నాను. "ముందు ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. మా ముత్తాతగారి కాలంలో ఈ కొల్లేటి గట్టు ఊళ్ళలో మా మాటకు ఎదురుండేది కాదు..."

ఆవిడ తల ఊపారు. మొఖాసా కథ పూర్తిగా విన్నారు. మళ్ళీ లెక్క సంగతి ఎత్తలేదు. వెంకటరత్నం గారు మాత్రం, "ఎంత గొప్ప ఫ్యామిలీ అండీ! రేపు పరిచయంలో ఇదంతా చెబుతాను" అని మురిసిపోయారు.

మధ్యాహ్నం గట్టు మీద ఒక పాకలో కొరమేను పులుసుతో భోజనం పెట్టారు. చింతపండు పులుపు మనదానికంటే తక్కువ, కారం మాత్రం తక్కువ కాదు. ఇంత మంచి చేప అనంతపురంలో ఏ ధరకూ దొరకదు. వడ్డించిన ఆవిడ, "చాలండీ" అంటే చాలదని అర్థం చేసుకునే జాతి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి పులుసు పోసింది.

తాడేపల్లిగూడెం

గూడెంలో రైసు మిల్లుల పొట్టు గాలిలో ఉంటుంది. జేబు రుమాలు రెండు పూటలలో గోధుమరంగుకు తిరిగింది. గెస్టు హౌసుకు చేరేసరికి ఇంకా పొద్దుంది. కాలేజీ గేటుకు బ్యానరు కట్టి ఉంది. పై వరసలో బియ్యం మిల్లు వారి గుర్తు, ఎందుకంటే ఖర్చు వారిది. దాని కింద పెద్ద అక్షరాలలో "దండిపూడి బహుపదులు" అని, నా ఫోటో. మా ఇంటిపేరును అంత పెద్ద అక్షరాలలో నేను ఎప్పుడూ చూడలేదు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారేమోనని కొంతసేపు అక్కడే నిలబడ్డాను. ఒక ఆవు చూసింది.

గదిలో కిటికీ పక్కన కూర్చుని, రేపు ఆవిడ మళ్ళీ అడిగితే చెప్పడానికి ఉంటుందని, ఆహ్వానపత్రం వెనక అంతటినీ p తో భాగించాను.

అది ఎంత సులభంగా జరిగిందో చెప్పాలి. మొదటి వరసలో p లు పక్కకు వచ్చాయి. రెండో వరసలో q బై p అనే ఒక్క సంఖ్య మిగిలింది. దానికి కొత్తగా q అని పేరు పెడితే, నా కుటుంబం పాత కుటుంబమే. p చేసిందల్లా కొలబద్ద మార్చడం. ఒక చేనును ఒక గొలుసుతో కొలిచి, మళ్ళీ ఇంకో గొలుసుతో కొలిచి, రెండు చేలున్నాయని చెప్పినట్టుంది నా పని. పాత వాళ్ళ పొలంలో కొత్త రాయి పాతి దాని మీద మా పేరు చెక్కాను.

ఇన్నేళ్ళు నాకు ఎందుకు కనిపించలేదంటే, p ని నేను ఎప్పుడూ కదిపే ఆలోచన చేయలేదు. దాన్ని తెచ్చింది నేను. మా కుటుంబానికి హక్కుగా ఉన్న ఒకే ఒక అక్షరం అది.

బయట మైకు పరీక్ష చేస్తున్నారు. వ్యాసం చదివి ఊరుకుంటే హాల్లో విశాలాక్షి గారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడా బయటపెట్టరు, ఈ జిల్లా మర్యాద ఆవిడ ఒంటికి కూడా పట్టింది. పేరు అచ్చయిపోతుంది. కాని దండిపూడి వాళ్ళు పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి, దొంగిలించినవి లేవు. పొద్దున సభలో ఏం చేయాలో నిర్ణయించుకుని, తెగిన చెప్పును బజారులో కుట్టించుకుని వచ్చాను. పది రూపాయలు తీసుకున్నాడు. మన ఊళ్ళో ఇరవై అడుగుతారు.

సభ

వెంకటరత్నం గారి పరిచయం నా ప్రసంగం కంటే పొడుగ్గా సాగింది. మొఖాసా, కలెక్టరు గుర్రం, అన్నీ వచ్చాయి. ఆయన చేతిలో ఊళ్ళ సంఖ్య రెట్టింపయింది.

నేను బల్ల దగ్గరకు వెళ్ళి, నా సూత్రం రాసి, దాని కింద ఆ రెండు వరసలు రాశాను. సభ వైపు తిరిగి నిలబడి అన్నాను: "ఈ కుటుంబం కొత్తది కాదు. p కేవలం కొలత మార్పు. నేను చెప్పినదంతా పాతదే. ఈ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పేరును ఎవరూ వాడవద్దు."

జీవితంలో ఒక్కసారైనా మా తాతలా నిలబడ్డానని అనుకున్నాను. అది కొన్ని క్షణాలే. వెంకటరత్నం గారు లేచి చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

"ఎంత చక్కగా కుదించి చెప్పారండీ! అంత పెద్ద థియరీని రెండే రెండు లైన్లలో! పైగా పేరు వాడొద్దంటున్నారు. ఆ తరం వాళ్ళ వినయమే వేరు!"

మిల్లు యజమాని శాలువా కప్పారు. మన వైపు శాలువాతో సరిపెడతారు. ఇక్కడ పళ్ళబుట్ట, ఒక చిన్న బియ్యం సంచీ కూడా చేతిలో పెడతారు. "ఇది తప్పు అని చెప్పాను," అన్నాను ఆయన చెవిలో. "తప్పేముందండీ, అందరికీ ఇస్తున్నాం," అన్నారాయన.

మెట్లు దిగుతుంటే ప్రసాదు అనే కుర్ర లెక్చరరు ఎదురొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు.

"సార్, మీ p, q లకి నేను r కూడా కలిపి ఇంకా జనరలైజ్ చేద్దామనుకుంటున్నానండీ. పీహెచ్‌డీకి టాపిక్ దొరక్క చస్తున్నాను."

"p యే లేదని ఇప్పుడే చెప్పాను కదయ్యా."

"అదేనండీ. p పోతే q, r మిగులుతాయి కదండీ!"

భోజనంలో పనసపొట్టు కూర, ముక్కల పులుసు. విశాలాక్షి గారి పక్కన చోటు దొరికింది.

"మీకు పడవలోనే తెలుసా?" అన్నాను.

"తెలుసండీ."

"చెప్పలేదేం?"

"అడిగాను కదండీ. మీరు ముత్తాతగారి దగ్గరికి వెళ్ళిపోయారు." ఆవిడ పులుసు కలుపుకుంటూ అన్నారు. ఎత్తిపొడుపు లేదు, ఉంటే బాగుండేది. తరువాత గొంతు తగ్గించి, "ఇవాళ మీరు చేసింది నేను ఎక్కడా చూడలేదండీ. ఎవరూ చేయరు" అన్నారు.

"ఎవరూ వినలేదు కూడా."

"వినరండీ."

వెంకటరత్నం గారిని పక్కకు పిలిచి, అచ్చు వేస్తున్న సెమినారు సంచికలోంచి నా వ్యాసం తీసేయమన్నాను.

"అయ్యో, ప్రింటుకి వెళ్ళిపోయిందండీ. సంచిక నిండా అలాంటివే కదా, మీరొక్కరే ఎందుకు బాధపడతారు?"

"అయితే పేరైనా తీసేయండి."

ఆయన నిజంగానే కంగారుపడ్డారు. "పేరు తీసేస్తే ఇంకేముందండీ అందులో?"

ఆయనకు ఎవరినీ నొప్పించడం చేతకాదు. ఆ రెండు రోజులలో నా పని గురించి సరయిన అభిప్రాయం చెప్పింది మాత్రం ఆయనే.

స్టేషను దాకా విశాలాక్షి గారు కూడా వచ్చారు. ఆవిడ రైలు అటు, నాది ఇటు. సంచిక వాళ్ళకు ఆవిడ రాస్తే వింటారేమో అని అడిగాను. నేను ఒకరిని ఒక పని అడగడం అరుదు.

"రాస్తానండీ. కాని ఆగదు. నా పేరున కూడా ఒక కుటుంబం తిరుగుతోంది, నేను కాదన్నదే. దానికిప్పుడు నాలుగు అక్షరాలున్నాయి," అన్నారు. నవ్వబోయి మానుకున్నారు.

అనంతపురం

బియ్యం సంచీని రైల్లోనే ఎదుటి సీటు ఆవిడకు ఇచ్చేశాను. శాలువా తీసుకోలేదావిడ, రంగు బాగాలేదంది. మీరెవరి తాలూకండీ అని కూడా అడిగింది. లెక్కల మాస్టారినని చెప్పాను. "అట్లాగాండీ, మా పిల్లాడికి లెక్కలంటే భయమండీ," అని గుంటూరు దాకా వాడి సంగతే చెప్పింది. దండిపూడి వారి కథ కంటే ఆ కథ బాగుంది.

సంచిక పోస్టులో వచ్చింది. నా వ్యాసం నేను రాసినట్టే ఉంది, బల్ల మీద రాసిన ఆ రెండు వరసలు లేవు. ఈ మధ్య ప్రసాదు తన కొత్త వ్యాసం ఫోనుకు పంపాడు. శీర్షికలో "సాధారణీకరించిన దండిపూడి బహుపదులు" అని ఉంది. కింద మరో ఇద్దరి పేర్లున్నాయి, వాళ్ళెవరో నాకు తెలియదు. తప్పని రాశాను. "థాంక్యూ సార్, మీ ఆశీర్వాదం" అని జవాబు వచ్చింది. మా ఇంటిపేరు ఇక పోదు. పోవాలన్నా పోదు.

నేను ఆ లెక్కలన్నీ చేసింది మా ముత్తాత శిస్తు కచేరీలోంచి వచ్చిన టేకు బల్ల మీద. మొఖాసా సొత్తులో మా వాటాకు మిగిలింది అదొక్కటే. పోయిన నెలలో దాన్ని పాత సామాన్ల కొట్టుకు అమ్మేశాను.